19వ శతాబ్దపు అమెరికాలో బడా పరిశ్రమలు ఎలా పుట్టాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రూప్స్‌కు, సివిల్స్‌కు ప్రపంచ చరిత్ర చదివేవాళ్లు, అమెరికాలో పిల్లల పాఠాలు చూస్తూ ‘గిల్డెడ్ ఏజ్’ (బంగారు పూత యుగం, అంటే 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలు) అన్న మాట దగ్గర ఆగిపోయిన తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. చాలామంది ఈ కథను నూనె వ్యాపారి రాక్‌ఫెల్లర్, ఉక్కు వ్యాపారి కార్నెగీ, బ్యాంకరు మోర్గాన్ అనే ముగ్గురు మొనగాళ్ల కథగా చదువుతారు. నేను మాత్రం దీన్ని ఒక ఖర్చు కథగా చెబుతాను. ఆ ఖర్చేమిటో రెండో ప్రశ్న దగ్గర వస్తుంది.

అంతకుముందు అమెరికాలో పెద్ద కంపెనీలు లేవా?

దాదాపు లేవనే చెప్పాలి. 1840ల దాకా న్యూయార్క్, బోస్టన్ వర్తకుడు కూడా అన్నదమ్ములతోనో బావమరిదితోనో పొత్తు కలిపి, ఒకరిద్దరు గుమస్తాలతో వ్యాపారం నడిపేవాడు. మసాచుసెట్స్‌లోని లోవెల్ పట్టణంలో 1820ల నుంచి నడిచిన నూలు మిల్లుల్లాంటివి అరుదు. పొత్తు వ్యాపారంలో పెద్ద చిక్కు ఒకటుంది. వ్యాపారం మునిగితే ఇల్లూ వాకిలీ కూడా అప్పులవాళ్ల పాలయ్యేవి. వాటాదారుడి నష్టం అతను పెట్టిన డబ్బుతో ఆగిపోవాలంటే కార్పొరేషన్ కావాలి. మొదట్లో దానికి రాష్ట్ర శాసనసభ ఒక్కో కంపెనీకి ఒక్కో చట్టం చేయాల్సి వచ్చేది. శతాబ్దం నడుమకు వచ్చేసరికి చాలా రాష్ట్రాల్లో దరఖాస్తు పెట్టుకుని, రుసుము కడితే కంపెనీ నమోదయ్యే పద్ధతి వచ్చింది. ముక్కూమొహం తెలియని వేలమంది డబ్బు ఒకచోట పోగుపడటానికి దారి పడింది అక్కడే.

అన్నిటికన్నా ముందు రైలు కంపెనీలే ఎందుకు పెద్దవయ్యాయి?

అసలు సంగతి ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చెబుతాను.

ఫైనాన్సులో లారీ తీసుకున్నవాడిని చూడండి. లోడు దొరికినా దొరక్కపోయినా నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. అందుకే తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావడం కన్నా డీజిలు ఖర్చులొచ్చినా చాలని ఎంత తక్కువకైనా సరుకు ఎక్కించుకుంటాడు. రైలు కంపెనీ పరిస్థితి అదే, కానీ కొన్ని వేల రెట్లు. పట్టాలు, వంతెనలు, సొరంగాలు, ఇంజన్లు అన్నీ ముందే కొనాలి, అదీ అప్పు మీద. రైలు నడిచినా ఆగినా బాండ్ల మీద వడ్డీ కట్టక తప్పదు. నడిచినా ఆగినా తప్పని ఈ స్థిర ఖర్చే 19వ శతాబ్దపు బడా వ్యాపారానికి మూలం. రైళ్ల నుంచి అది ఉక్కుకు, నూనెకు, మాంసానికి, సిగరెట్లకు పాకింది.

ఇంత డబ్బు ఏ ఒక్క కుటుంబం దగ్గరా ఉండదు కాబట్టి రైలు బాండ్లు న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ అమ్ముడుపోయాయి. వాల్ స్ట్రీట్ ఆ పేరు తెచ్చుకున్నది ఆ కాగితాల అమ్మకాలతోనే.

ఇక అజమాయిషీ. ఒకే పట్టా మీద ఎదురెదురుగా రైళ్లు నడుస్తుంటే ఎవరు ఎక్కడ ఆగాలో చెప్పేవాడు లేకపోతే ప్రాణాలు పోతాయి. 1841 అక్టోబరు 5న మసాచుసెట్స్‌లో వెస్టర్న్ రైల్‌రోడ్డు మీద రెండు ప్రయాణికుల రైళ్లు ఢీకొని ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాతే ఆ కంపెనీ ఏ సెక్షన్‌కు ఎవరు బాధ్యులో, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో కాగితం మీద రాసుకుంది. 1850ల నడుమ ఈరీ రైల్‌రోడ్డు సూపరింటెండెంట్ డేనియల్ మెకాలమ్ తన సంస్థ మొత్తాన్ని చెట్టు కొమ్మల్లా గీయించాడు. ఈనాడు ఆఫీసు గోడ మీద కనిపించే సంస్థాగత పటాలకు అది తాత. సొంతదారుడు వేరు, జీతానికి నడిపే మేనేజరు వేరు అన్న విభజన కూడా రైళ్లలోనే స్థిరపడింది.

1860లో అమెరికాలో రైలుమార్గం 30 వేల మైళ్లకు కాస్త పైన. 1900 నాటికి అది లక్షా 90 వేల మైళ్లు దాటింది. 1891లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్డు ఒక్కదానిలోనే లక్షా 10 వేల మందికి పైగా పనిచేసేవారు. ఆ ఏడు అమెరికా సైన్యం, నౌకాదళం అన్నీ కలిపినా 40 వేల మంది లేరు. చివరికి గడియారాలు కూడా రైళ్లకే లొంగాయి. ఊరూరికీ వేరుగా ఉండే సూర్యుడి సమయాన్ని పక్కనపెట్టి, 1883 నవంబరు 18న రైలు కంపెనీలే దేశాన్ని కాలమండలాలుగా విడగొట్టాయి. ప్రభుత్వం దాన్ని చట్టం చేసింది 1918లో!

ఇదంతా ప్రైవేటు వాళ్ల సొంత డబ్బేనా?

కాదు. స్వేచ్ఛా విపణి గురించి మాట్లాడేవాళ్లు తరచూ దాటవేసే విషయమిది. 1862 పసిఫిక్ రైల్వే చట్టం కింద సమాఖ్య ప్రభుత్వం నేల స్వభావాన్ని బట్టి మైలుకు 16 వేల నుంచి 48 వేల డాలర్ల దాకా బాండ్ల రూపంలో అప్పిచ్చింది, పట్టాల పక్కన భూమీ ఇచ్చింది. అన్ని రైలు కంపెనీలకూ కలిపి సమాఖ్య ప్రభుత్వం ధారపోసిన భూమి దాదాపు 13 కోట్ల ఎకరాలు. అందులో పెద్ద భాగం అక్కడి ఆదివాసీ జాతుల నేల. 1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీ దగ్గర రెండు వైపుల పట్టాలూ కలిశాయి. పశ్చిమం నుంచి కొండలు తొలిచి దారి వేసిన కూలీల్లో అత్యధికులు చైనీయులు. 1867లో వాళ్లు సమాన కూలి కోసం సమ్మె చేస్తే కంపెనీ తిండి సరఫరా ఆపేసి లొంగదీసింది. 1882లో అదే దేశం చైనా కూలీల రాకను చట్టంతో నిషేధించింది. తూర్పు వైపు యూనియన్ పసిఫిక్ పెద్దలు క్రెడిట్ మొబిలియే అనే నిర్మాణ కంపెనీ పెట్టి, తమకు తామే కాంట్రాక్టు ఇచ్చుకుని, దాని వాటాలు కాంగ్రెస్ సభ్యులకు పంచిన సంగతి 1872లో బయటపడింది.

‘నీళ్లు కలిపిన వాటాలు’ అంటే?

పాలలో నీళ్లు కలిపినట్టే, కంపెనీకి ఉన్న ఆస్తి విలువకు మించి వాటాలు అచ్చువేయడం. 1868లో ఈరీ రైల్‌రోడ్డును చేజిక్కించుకోవాలని రైళ్ల కోటీశ్వరుడు కార్నీలియస్ వాండర్‌బిల్ట్ వాటాలు కొంటూ పోతుంటే, ఆ కంపెనీ డైరెక్టర్లు డేనియల్ డ్రూ, జే గూల్డ్, జిమ్ ఫిస్క్ కొత్త వాటాలు ముద్రిస్తూ పోయారు. అరెస్టు తప్పించుకోవడానికి నది దాటి జెర్సీ సిటీలో మకాం పెట్టారు. డ్రూ మునుపు పశువుల వ్యాపారి. తూకానికి ముందు పశువులకు ఉప్పు పెట్టి నీళ్లు తాగించేవాడని, వాటాలకు ఆ మాట అక్కణ్నుంచే అంటుకుందని చెప్పుకుంటారు.

పూల్, రిబేటు అనే మాటలు వస్తుంటాయి. అవేమిటి?

రెండు ఊళ్ల మధ్య మూడు రైలు కంపెనీలుంటే, ఖాళీ బోగీలు నడపలేక మూడూ రేట్లు కోసుకుంటూ పోతాయి. అందరూ దివాలా అంచుకు వచ్చాక కూర్చుని “ఇంత రేటు, ఇంత సరుకు నీకు, ఇంత నాకు” అని పంచుకుంటారు. అది పూల్. అయితే అలాంటి ఒప్పందాన్ని కోర్టు అమలు చేయించదు. కాబట్టి ఎవడో ఒకడు రాత్రికి రాత్రి పెద్ద ఖాతాదారుడితో రహస్యంగా “రశీదు మామూలు రేటుకే ఇస్తాను, ఆనక కొంత తిరిగి ఇస్తాను” అంటాడు. ఆ తిరిగి ఇచ్చేదే రిబేటు. చిన్న వర్తకుడికి, ఒంటరి రైతుకు అది దక్కదు.

రాక్‌ఫెల్లర్ చేతికి 90 శాతం నూనె ఎలా వచ్చింది?

1859 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ 69 అడుగుల లోతున నూనె కనుగొన్నాడు. వెంటనే జనం ఎగబడ్డారు. కార్లు ఇంకా పుట్టని కాలమది, అప్పటి గిరాకీ దీపాల్లో పోసుకునే కిరసనాయిలుకే. బావి తవ్వేవాడిది జూదం, శుద్ధి చేసేవాడిది లెక్క. 16 ఏళ్ల వయసులో క్లీవ్‌లాండ్‌లో లెక్కల గుమస్తాగా చేరిన జాన్ డి. రాక్‌ఫెల్లర్ రెండోది ఎంచుకున్నాడు. 1870 జనవరిలో 10 లక్షల డాలర్ల మూలధనంతో ఒహాయోలో స్టాండర్డ్ ఆయిల్ నమోదైంది.

అతని భాగస్వామి హెన్రీ ఫ్లాగ్లర్ లేక్ షోర్ రైలు కంపెనీతో కుదుర్చుకున్న బేరం చూస్తే అసలు కిటుకు తెలుస్తుంది. రోజుకు 60 బోగీల నూనె తప్పకుండా పంపుతాం, మాకు రేటు తగ్గించండి. రైలు కంపెనీకి ఇది వరం: సగం ఖాళీగా తిరిగే కలగాపులగపు రైళ్ల స్థానంలో రోజూ నిండుగా కదిలే నూనె రైళ్లు. స్థిర ఖర్చుతో సతమతమయ్యేవాడికి స్థిరమైన సరుకు ఇచ్చినవాడే యజమాని అవుతాడు. నా దృష్టిలో రాక్‌ఫెల్లర్ తెలివంతా ఆ ఒక్క గ్రహింపులోనే ఉంది.

దాని వెనకే చీకటి కూడా ఉంది. 1872 మొదట్లో రైలు కంపెనీలు, కొందరు రిఫైనరీదారులు కలిసి సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ అనే పథకం వేశారు. అందులో ఉన్నవాళ్లకు తమ నూనె మీద రిబేటు రావడమే కాదు, లేనివాళ్లు పంపే నూనె మీద కూడా వాటా వస్తుంది! అంటే పోటీదారుడు కట్టే కిరాయిలో కొంత రాక్‌ఫెల్లర్ జేబులోకి. సంగతి పొక్కి నూనె ప్రాంతం భగ్గుమంది. చమురు తవ్వేవాళ్లు సరుకు అమ్మడం ఆపేశారు, రాష్ట్రం కంపెనీ అనుమతిని రద్దు చేసింది. ఆ పథకం కింద ఒక్క పీపా కూడా కదల్లేదు. అయినా ఆ భయం నీడలో కొద్ది వారాల్లోనే క్లీవ్‌లాండ్‌లోని 26 పోటీ రిఫైనరీల్లో 22 స్టాండర్డ్ ఆయిల్‌కు అమ్ముడుపోయాయి. 1880 నాటికి దేశంలో శుద్ధయ్యే నూనెలో దాదాపు 90 శాతం దానిదే.

ఇంత జరిగినా పొదుపు మాత్రం అబద్ధం కాదు. ఎగుమతి డబ్బాల మూతలకు 40 చుక్కల సీసం వేస్తుంటే 38తో చూడమన్నాననీ, కొన్ని కారాయనీ, 39తో కారలేదనీ, అదే నియమం చేశాననీ రాక్‌ఫెల్లరే చెప్పుకున్నాడు. 1870లో గాలన్ 26 సెంట్లున్న కిరసనాయిలు 1880ల నడుమకు 8 సెంట్ల దరిదాపుల్లోకి దిగింది. ధర తగ్గింది, పోటీ చచ్చింది. రెండూ ఒకే మనిషి చేసిన పనులు.

ట్రస్టు అంటే మన ధర్మకర్తల ట్రస్టు లాంటిదేనా?

పుట్టుక అదే, వాడుక వేరు. మన దగ్గర ట్రస్టు అంటే గుడో బడో గుర్తొస్తుంది కాబట్టి విద్యార్థులు ఇక్కడ తికమకపడతారు. అప్పటి చట్టాల ప్రకారం ఒక రాష్ట్రంలోని కంపెనీ మరో కంపెనీ వాటాలు కలిగి ఉండటం కష్టం. 1882లో స్టాండర్డ్ ఆయిల్ న్యాయవాది శామ్యూల్ డాడ్ ఒక ఉపాయం గట్టిగా బిగించాడు. దాదాపు 40 కంపెనీల వాటాదారులు తమ వాటాలను 9 మంది ధర్మకర్తల చేతుల్లో పెట్టి బదులుగా పత్రాలు తీసుకుంటారు. కాగితం మీద 40 కంపెనీలు, పెత్తనం 9 మందిది. పంచదార, సారాయి కంపెనీలూ ఇదే బాట పట్టాయి. దాంతో అమెరికాలో గుత్తాధిపత్యానికి ‘ట్రస్టు’ అన్నదే పేరైపోయింది.

కార్నెగీ దారి ఇంతకన్నా ఎలా వేరు?

రాక్‌ఫెల్లర్ తన పక్కవాళ్లను కొన్నాడు. ఆండ్రూ కార్నెగీ తన పైనా కిందా ఉన్నవాటిని కొన్నాడు: గనులు, కోక్ బట్టీలు, ఓడలు, సొంత రైలు. 1848లో స్కాట్లాండ్ నుంచి వచ్చి వారానికి డాలరు 20 సెంట్లకు నూలు మిల్లులో చేరిన కుర్రాడు, తర్వాత పెన్సిల్వేనియా రైల్‌రోడ్డులో టెలిగ్రాఫ్ గుమస్తా. ప్రతి టన్ను-మైలు (ఒక టన్ను సరుకును ఒక మైలు మోయడం) ఖర్చును లెక్కగట్టే అలవాటు అక్కడే అబ్బింది. 1875లో పిట్స్‌బర్గ్ దగ్గర బ్రాడక్‌లో బెస్సిమర్ పద్ధతి (కరిగిన ఇనుములోకి గాలి ఊది చౌకగా ఉక్కు చేయడం) ఉక్కు కర్మాగారం తెరిచి, దానికి ఎడ్గార్ థామ్సన్ అని పేరు పెట్టాడు. ఆయన ఎవరంటే పెన్సిల్వేనియా రైల్‌రోడ్డు అధ్యక్షుడు. కర్మాగారంలో తయారయ్యేది పట్టాలు, కొనేది ఆ కంపెనీ!

బట్టీ చల్లారితే నష్టం కాబట్టి గిరాకీ పడిపోయినా కార్నెగీ ధర తగ్గించి ఉత్పత్తి నిలబెట్టేవాడు. 1873 సెప్టెంబరులో జే కుక్ బ్యాంకు కూలి దేశమంతా మాంద్యంలో పడ్డప్పుడు చౌకగా కర్మాగారం కట్టిందీ ఆయనే. 1870ల మొదట్లో టన్ను 100 డాలర్లు దాటిన ఉక్కు పట్టా 1898లో 20 డాలర్లలోపు. 1901లో కార్నెగీ తన కంపెనీని 48 కోట్ల డాలర్లకు అమ్మేశాడు.

ఈ చౌకకు ఎవరు ధర చెల్లించారు?

కార్మికులు. ఉక్కు బట్టీ దగ్గర రోజుకు 12 గంటలు, వారానికి ఏడు రోజులు పని. రెండు వారాలకోసారి షిఫ్టు మారే రోజున ఏకబిగిన 24 గంటలు. అమెరికా ఉక్కు పరిశ్రమ 12 గంటల షిఫ్టును వదిలింది 1923లో. 1900 జనాభా లెక్కల్లో 10 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో పనిచేసేవాళ్లు 17 లక్షల 50 వేల మంది. దక్షిణాదిలో, ముఖ్యంగా అలబామా బొగ్గు గనుల్లో, చిల్లర నేరాలకు పట్టుకున్న నల్లజాతి ఖైదీలను ప్రభుత్వమే కంపెనీలకు అద్దెకిచ్చేది. బానిసత్వం రద్దయ్యాక కూడా నడిచిన ఈ సంగతి పరీక్షల పుస్తకాల్లో ఒక వాక్యంతో తేలిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

1877 జులైలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్‌రోడ్డు మరోసారి కూలి 10 శాతం కోసింది. వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో కార్మికులు రైళ్లు ఆపేశారు. సమ్మె కార్చిచ్చులా దేశమంతా పాకింది. పిట్స్‌బర్గ్‌లో సైనికులు కాల్పులు జరిపారు, జనం వందకు పైగా ఇంజన్లు తగలబెట్టారు. దేశం మొత్తమ్మీద దాదాపు 100 మంది చనిపోయారు. 1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం లక్షలమంది పని ఆపారు. మే 4న షికాగో హేమార్కెట్‌లో బాంబు పేలింది, మరుసటి ఏడు నలుగురిని ఉరితీశారు. మనం ఎర్రజెండాలతో జరుపుకునే మేడే అక్కడిదే.

ఇక హోమ్‌స్టెడ్, పిట్స్‌బర్గ్ దగ్గరి కార్నెగీ ఉక్కు కర్మాగారం. 1892లో కార్నెగీ స్కాట్లాండ్‌లో ఉండగా, మేనేజరు హెన్రీ ఫ్రిక్ యూనియన్‌ను తుడిచిపెట్టాలని కర్మాగారం చుట్టూ కంచె కట్టించి లాకౌట్ ప్రకటించాడు. జులై 6 వేకువన 300 మంది పింకర్టన్ కిరాయి గార్డులు మోనాంగహీలా నది మీద పడవల్లో వచ్చారు. ఒడ్డున కార్మికులు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. రోజంతా సాగిన పోరులో రెండు వైపులా కలిపి పదిమంది దాకా చనిపోయారు. గార్డులు లొంగిపోయారు. కానీ వారం తిరక్కుండానే 8 వేల మంది రాష్ట్ర సైనికులు దిగి కర్మాగారాన్ని కంపెనీకి అప్పగించారు. ఆ తర్వాత 1930ల దాకా ఉక్కులో యూనియన్ నిలదొక్కుకోలేదు. గ్రంథాలయాల దాతగా కార్నెగీని తలుచుకునేటప్పుడు ఆ నది ఒడ్డు కూడా గుర్తుండాలని నా పట్టుదల.

రైతులు ఏమీ చేయలేదా?

చేశారు. గ్రేంజ్ అనే రైతు సంఘాల ఒత్తిడితో ఇల్లినాయిస్ లాంటి రాష్ట్రాలు ధాన్యం గోదాముల, రైళ్ల రేట్లకు హద్దు పెట్టాయి. 1877లో సుప్రీంకోర్టు మన్ కేసులో సరేనంది. 1886లో వాబాష్ కేసులో రాష్ట్రాల మధ్య నడిచే రైళ్ల జోలికి రాష్ట్రాలు రాకూడదంది. దాంతో 1887లో కాంగ్రెస్ అంతర్రాష్ట్ర వాణిజ్య సంఘాన్ని పెట్టింది. దాని కోరలకు పదును వచ్చింది తర్వాతి శతాబ్దంలోనే.

షెర్మన్ చట్టం వచ్చాక కంపెనీలు ఇంకా పెద్దవి కావడమేమిటి?

మంచి ప్రశ్న. 1890లో గుత్తాధిపత్యాన్ని అరికట్టాలని కాంగ్రెస్ చేసిన ఈ చట్టం వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందాలు, కుట్రలు నేరమంది. పది కంపెనీలు కూడబలుక్కుంటే నేరం. ఆ పదీ కలిసి ఒకటైపోతే? కూడబలుక్కోవడానికి రెండోవాడే ఉండడు. పైగా 1889లో న్యూజెర్సీ ఒక కంపెనీ మరో కంపెనీ వాటాలు ఉంచుకోవచ్చని చట్టం చేసింది. 1895లో నైట్ కేసులో, చక్కెర శుద్ధిలో 98 శాతం ఒక కంపెనీ చేతుల్లో ఉన్నా అది తయారీయే తప్ప వాణిజ్యం కాదని సుప్రీంకోర్టు తేల్చేసింది. మరోపక్క 1894లో రైలు కార్మికులు చేసిన పుల్‌మన్ సమ్మెను ఆపే ఉత్తర్వుకు ఇదే చట్టాన్ని కార్మికుల మీద ప్రయోగించారు. 1895 నుంచి 1904 లోపు 1,800కు పైగా సంస్థలు విలీనాల్లో కలిసిపోయాయి. 1901లో మోర్గాన్ కూర్చిన యు.ఎస్. స్టీల్ మూలధనం 140 కోట్ల డాలర్లు. ఆ ఏడు సమాఖ్య ప్రభుత్వ ఖర్చు అందులో సగం కూడా లేదు.

తెరపడింది 1911లో. అంతకు ముందు 1902 నుంచి రెండేళ్లపాటు ఐడా టార్బెల్ ఒక మాసపత్రికలో స్టాండర్డ్ ఆయిల్ చరిత్రను కోర్టు కాగితాలతో సహా బయటపెట్టింది. ఆమె తండ్రి 1872 దెబ్బ తిన్న నూనె ప్రాంతపు మనిషి. 1911లో సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను 34 ముక్కలు చేసింది.

వీళ్లను దోపిడీ దొరలనాలా, పరిశ్రమల నిర్మాతలనాలా?

పరీక్షలో రెండు వైపులా రాయండి. నన్నడిగితే, ప్రశ్నే సరైంది కాదు. స్థిర ఖర్చు ఒత్తిడి వల్ల ఏదో ఒక రూపంలో పెద్ద సంస్థలు వచ్చేవే. రాక్‌ఫెల్లర్ పుట్టకపోయినా నూనె పరిశ్రమ వెయ్యి చిన్న రిఫైనరీలుగా మిగిలేది కాదు. కానీ రహస్య రిబేటు, కిరాయి గార్డు, అద్దె ఖైదీ మాత్రం ఆ ఖర్చు నుంచి వాటంతటవే పుట్టలేదు. అవి మనుషులు ఎంచుకున్నవి, వాటికి మనుషులే జవాబుదారులు.

తెలుగు నేలకు దీనితో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. ఆ 39 చుక్కల సీసం వేసిన అయిదు గాలన్ల డబ్బాలు రెండేసి చొప్పున చెక్కపెట్టెల్లో ఓడలెక్కి 1880ల నాటికే భారత రేవులకు చేరేవి. 1911 ముక్కల్లో ఒకటైన స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా 1936లో టెక్సాస్ కంపెనీతో కలిసి కాల్టెక్స్‌ను పెట్టింది. 1957లో విశాఖపట్నంలో రిఫైనరీ తెరిచింది ఆ కాల్టెక్సే. జాతీయం చేశాక 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది.

ఇంకోటి పొగాకు. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో జేమ్స్ డ్యూక్ 1880లలో బాన్సాక్ సిగరెట్ యంత్రాన్ని బిగించాడు. చేత్తో చుట్టేవాడు రోజుకు 3 వేలు చుడితే, యంత్రం లక్ష దాటేది. అన్ని సిగరెట్లు అమ్ముడుపోవాలి కదా! ప్రకటనల మీద డబ్బు కుమ్మరించి, పోటీదార్లను లొంగదీసి, 1890లో అమెరికన్ టొబాకో కంపెనీ కట్టాడు. 1902లో ఇంగ్లండ్ కంపెనీతో రాజీపడి బ్రిటిష్ అమెరికన్ టొబాకోను పెట్టి తొలి ఛైర్మన్ అయ్యాడు. దాని శాఖగా 1910లో కలకత్తాలో మొదలైన ఇంపీరియల్ టొబాకోనే నేటి ఐటీసీ. ఆకు కోసం దాని అనుబంధ సంస్థ ఐ.ఎల్.టి.డి. (ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్) గుంటూరు వచ్చింది, చీరాలలో పెద్ద కార్ఖానా పెట్టింది. మన రైతు ‘వర్జీనియా’ అని పండించే ఆకూ, ‘బ్యారన్’ అని పిలిచే ఆ కాల్పు గదీ డ్యూక్ సొంత ప్రాంతపు పొలాల నుంచి వచ్చినవే.